భుజం మీద పిన్నీసు

ఆపా పోయారని అంగన్‌వాడీ ఆయమ్మ ఫోన్ చేసి చెప్పింది. పోయి అప్పటికే వారం దాటింది. "మీ నంబరు దొరకలేదమ్మా, దొరికేసరికి ఇన్నాళ్ళు పట్టింది" అని ముందు కాసేపు ఏడ్చి, తర్వాత అంతా వివరంగా చెప్పింది. నిద్రలోనే పోయారట. ఎవరినీ ఇబ్బంది పెట్టలేదట. స్నానం చేయించడానికి గాజులు తీస్తుంటే కోడలి వేలికి పిన్నీసు గుచ్చుకుందట. "ఎడం చేతికి ఎన్నున్నాయో తెలుసామ్మా, గుప్పెడు! రిటైరైనా తియ్యలేదు ఆ మనిషి" అంది ఆయమ్మ.

అంతవరకూ ఏడుస్తూ విన్నదాన్ని అక్కడికొచ్చేసరికి నవ్వేశాను. ఆపాని తలుచుకుంటే నాకు ఎప్పుడూ ముందు కోపం వస్తుంది, ఆ తర్వాత నవ్వు వస్తుంది, తక్కినవన్నీ వాటి వెనకాల వస్తాయి.

ఆమె నాకు చుట్టం కాదు, పని నేర్పిన మనిషి. తొంభైల మధ్యలో మా ఊరి అంగన్‌వాడీలో నాకు టీచరు పోస్టు వచ్చింది. ట్రైనింగుకి విజయవాడ రమ్మన్నారు. రెండు నెలలు క్లాసులు, ఆ తర్వాత ఒక నెల ఏదో ఒక సెంటర్లో అక్కడి టీచరు చేతి కింద పని. నెల అయ్యాక ఆ టీచరు, ఈమెకు పని వచ్చింది అని ఫారం మీద సంతకం పెట్టాలి. అది పడితేనే ఊళ్ళో చేరనిస్తారు. నన్ను భవానీపురంలో ఆపా సెంటరుకి వేశారు.

నాకా సంతకం ఎంత అవసరమో చెప్పాలి. మాది చల్లపల్లి దగ్గర నేతవాళ్ళ ఊరు. మా ఆయన మగ్గం నేస్తారు. ఆ రోజుల్లో ఏడాదిలో సగం రోజులు నూలు లేక మగ్గం గుంటలో కాళ్ళు ఊపుకుంటూ కూర్చోవడమే. అంతకంటే పెద్ద బెంగ ఇంకొకటి ఉంది. రెండేళ్ళు నిండని మా శిరీషని అత్తగారి దగ్గర వదిలి వచ్చాను. బయల్దేరిన రోజు అత్తగారు దాన్ని పెరట్లోకి ఎత్తుకెళ్ళి దూడని చూపిస్తుంటే, నేను వీధి తలుపులోంచి జారుకున్నాను. మా వైపు అందరూ చేసే పనే. చెప్పి వెళితే పిల్లలు ఏడుస్తారు కదా! నెల తర్వాత ఒకసారి వెళ్ళి, వచ్చేటప్పుడు మళ్ళీ అలాగే జారుకున్నాను. అది రెండు రోజులు అన్నం ముట్టలేదట. "అయ్యేదాకా ఇంక రామాకమ్మా, పిల్ల తట్టుకోలేకపోతంది" అని అత్తగారు కబురు పెట్టారు. ఆగిపోయాను. పిల్ల నన్ను మర్చిపోతుందేమోనన్న భయం మాత్రం ఆగలేదు.

సెంటరంటే ఒక గది, ముందు వరండా. లారీ షెడ్ల వెనక సందులో ఉండేది. తలుపు వెనక మేకుకి ఆపా బురఖా వేలాడుతుంటే ఆమె లోపల ఉన్నట్టు లెక్క. యాభై దాటిన భారీ మనిషి. నూలు చీర, నడుముకి దోపిన కొంగు, నోట్లో ఎప్పుడూ సోంపు. పిల్లలు, పిల్లల తల్లులు, సందులో కూరగాయల బండివాడు, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చే ఆఫీసరుగారు, అందరికీ ఆపాయే, అంటే అక్కే.

మొదటి రోజు నేను పెళ్ళిచూపులకి తయారైనట్టు తయారై వెళ్ళాను. పైట నాలుగు మడతలు పెట్టి, భుజం మీద పిన్నీసు పెట్టుకున్నాను.

"ఏ ఊరు?" అన్నారు ఆపా.

"చల్లపల్లి దగ్గరండీ."

"చల్లపల్లీ, ఇట్రా."

దగ్గరికి వెళితే నా భుజం మీద చెయ్యి వేశారు. ఆశీర్వదిస్తున్నారనుకుని కాస్త వంగాను కూడా. ఆమె నా పిన్నీసు విప్పి, తన ఎడమ చేతి గాజుకి తగిలించుకున్నారు. పైట జారి మోచేతి మీద పడింది.

"ఇది పిల్లలు తల పెట్టుకునే చోటమ్మా," అన్నారు. "కొంగు నడుముకి దోపుకో. పనికొచ్చావా, పేరంటానికొచ్చావా?"

ఆ తర్వాత నా పేరు ఎవరికీ అవసరం పడలేదు. నాకంటే ముందు ఆమె దగ్గర నేర్చుకుని వెళ్ళినవాళ్ళంతా గన్నవరం, గుడివాడ, ఉయ్యూరు. "గన్నవరం ఇంత గట్టిగా మాట్లాడేది కాదు", "ఉయ్యూరుకి చెప్తే ఒక్కసారికే అర్థమయ్యేది" అంటూ నేను ఎన్నడూ చూడని ఆడవాళ్ళతో నన్ను పోల్చేవారు. ఆ గన్నవరం ఎవరోగాని ఒకసారి కనబడితే జుట్టు పట్టుకుందామనిపించేది.

పొద్దున పిల్లలు రాకముందు ఆమె చేసే మొదటి పని నేల మీద పడుకోవడం. ఆయమ్మ తుడిచి వెళ్ళిన గచ్చు మీద అంత మనిషీ బోర్లా పడుకుని, చెంప నేలకి ఆనించి, గది నాలుగు మూలలూ చూసేవారు. నిలబడి చూస్తే కనపడనివన్నీ అప్పుడు కనపడేవి. బీరువా కింద బ్లేడు ముక్క, గోడవారన లేచిన మేకు, స్టవ్వు కాలి కింద చీమలబారు. "మనం ఐదడుగుల నించి చూస్తాం. వాడు రెండడుగుల నించి చూస్తాడు. గది వాడిదా, మనదా?" అనేవారు. ఒకరోజు ఆఫీసరుగారు చెప్పాపెట్టకుండా వచ్చేసరికి ఆపా అలాగే పడుకుని ఉన్నారు. ఆయన కంగారుపడి "డాక్టర్ని పిలవండి" అని కేక పెట్టారు. ఆపా లేవకుండానే, "మీరు కూడా ఒక్కసారి పడుకుని చూడండి సార్" అన్నారు. ఆయన పడుకోలేదనుకోండి.

ఆమెలో అన్నీ మెచ్చుకోదగ్గవేనని చెప్పను. పాటలు బొత్తిగా రావు. చందమామ పాటైనా, రైలు పాటైనా ఒకటే రాగం. ఉప్మాలో ఉప్పు దగ్గర ఆయమ్మతో రోజూ తగువే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం. నెలంతా నన్ను ఒక్కసారి కూడా బాగా చేశావని అనలేదు.

కానీ ఏడ్చే పిల్లల దగ్గర ఆమెని చూడాలి. మేమంతా ఏం చేస్తాం? ఎత్తుకుంటాం, ఊపుతాం, అదిగో కాకి అంటాం. ఆపా ఇవేవీ చేసేవారు కాదు. కొత్తగా చేరిన పిల్ల గుమ్మంలో కూర్చుని గుక్కపెడుతుంటే, నాలుగడుగుల దూరంలో వీపు అటుపెట్టి కూర్చునేవారు. ముందు ఒక రేకు డబ్బా, పక్కన చింతపిక్కల కుప్ప. ఒక్కొక్క పిక్క డబ్బాలో వేసేవారు. టక్. కాసేపాగి మళ్ళీ టక్. ఏడుపు మధ్యలో ఆగి వినేది. మళ్ళీ అందుకునేది. కొంతసేపటికి ఆ పిల్ల ఆపా వీపు వెనక నిలబడి తొంగి చూసేది. ఇంకొంతసేపటికి తనే ఒక పిక్క వేసేది. అంతవరకూ ఆపా తల తిప్పేవారు కాదు.

"మొహం చూస్తే దానికి భయం. వీపుకి ఎవరైనా భయపడతారా?" అన్నారు ఒకసారి నాతో. ఆ రోజే, ఉన్నట్టుండి, "నీకు పిల్లలున్నారా?" అని అడిగారు.

చెప్పాను.

"చెప్పి వచ్చావా?"

"లేదండీ. మా అత్తగారు దూడని చూపిస్తుంటే..."

పిక్క వేయబోతున్న చెయ్యి ఆగింది. నా వైపు చూశారు. పిక్క డబ్బాలో వేశారు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ చూపు నాకు చాలా రోజులు గుచ్చుకుంది.

ఇక ఆమె నియమాలన్నిటిలో గట్టిది గడప నియమం. మధ్యాహ్నం పిల్లల్ని తీసుకెళ్ళడానికి ఎవరొచ్చినా, తల్లే వచ్చినా సరే, మనం ఎత్తి చేతికి ఇవ్వకూడదు. పిల్ల తన చెప్పులు తానే వేసుకుని, తానే గడప దాటి, వచ్చినవాళ్ళ దగ్గరికి నడిచి వెళ్ళాలి. చెప్పులు కుడి ఎడమైనా ఫరవాలేదు, ఎంతసేపు పట్టినా ఫరవాలేదు. వచ్చినవాళ్ళు ఎండలో నిలబడి విసుక్కునేవారు. "పెద్దవాళ్ళ మాట నోట్లో ఉంటుంది. పిల్లల మాట కాళ్ళలో ఉంటుంది. ఆ కాళ్ళు ఏమంటాయో చూసి పంపాలి" అనేవారు ఆపా. నాకదంతా చాదస్తంగా ఉండేది.

నా నెల ఇంకా నాలుగు రోజుల్లో అయిపోతుందనగా ఆపా మీటింగుకి వెళ్ళారు. ఆయమ్మ వెనక గిన్నెలు తోముతోంది. తక్కిన పిల్లలంతా వెళ్ళిపోయారు, రజియా ఒక్కతే మిగిలింది. మూడేళ్ళ పిల్ల. ఇంతలో స్కూటర్ మీద ఒకతను వచ్చాడు.

"రజియా వాళ్ళ మామయ్యనండీ. అక్కకి ఒంట్లో బాలేదు, నన్ను తీసుకురమ్మంది. కాస్త తొందరగా పంపండి, బండి ఆఫ్ చేస్తే మళ్ళీ స్టార్టవదు."

రజియా గోడకి ఆనుకుని నోట్లో వేలు పెట్టుకుని నిలబడింది. "మామయ్యేనా?" అని అడిగాను. తల ఊపింది. కదల్లేదు. అతను హారన్ కొట్టాడు. తెలిసినవాళ్ళే కదా, పిల్ల తల ఊపింది కదా అనుకుని, చటుక్కున ఎత్తి స్కూటర్ మీద అతని ముందు నిలబెట్టాను. వెళ్ళిపోయారు.

కాసేపటికి ఆపా వచ్చారు. వరండాలో చూసి ఆగిపోయారు.

"రజియా వెళ్ళిందా?"

"వెళ్ళిందండీ. వాళ్ళ మామయ్య వచ్చాడు."

"మరి చెప్పులు ఇక్కడే ఉన్నాయే?"

చిన్న ఎర్ర చెప్పుల జత గడప పక్కనే ఉంది. నేను దొరికిపోయాను. ఆపా ఆ చెప్పులు చేత పట్టుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో గబగబా నడక మొదలెట్టారు. అంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. బురఖా కాళ్ళకి అడ్డం పడుతుంటే ఒక చేత్తో ఎత్తి పట్టుకున్నారు. నేను వెనకాల పరిగెత్తాను. దారంతా ఒకటే ఆలోచన. అతను మామయ్య కాకపోతే?

మామయ్యే. రజియా వాళ్ళింట్లో అతని ఒళ్ళో కూర్చుని జామకాయ కొరుకుతోంది. వాళ్ళమ్మ మంచం మీంచి లేచి, "అయ్యో ఆపా, చెప్పుల కోసం ఇంత ఎండలో వచ్చారా" అని నవ్వింది. ఆపా వంగి పిల్ల కాళ్ళకి చెప్పులు తొడిగారు. మంచినీళ్ళు అడిగి తాగారు. గ్లాసు నింపించుకుని మళ్ళీ తాగారు.

తిరిగి వచ్చేటప్పుడు నాకు ధైర్యం వచ్చింది. "నేను చెప్పానుగదండీ, మేనమామేనని."

"అతను మేనమామ కాబట్టి సరిపోయింది," అన్నారు ఆపా. "నువ్వు చేసింది మాత్రం సరిపోలేదు."

నాలుగు రోజుల తర్వాత ఫారం ఇచ్చాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందికి చదివి, మడిచి, బీరువాలో పెట్టారు.

"ఇంకో పది రోజులుండు. ఆఫీసుకి చీటీ రాస్తాను."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "పిల్లకేం కాలేదు కదండీ! నా కూతుర్ని చూసి రెండు నెలలైంది. మీకేం, మీ పిల్లలు మీ దగ్గరున్నారు" అన్నాను. గట్టిగానే అన్నాను. గన్నవరం ఎన్నడూ అంత గట్టిగా అని ఉండదు.

ఆపా సోంపు డబ్బా నా ముందుకు జరిపారు. "తిను. కోపానికి మంచిది" అన్నారు.

తినలేదు. ఆ పది రోజులూ ఆమెని మనసులో తిట్టని తిట్టు లేదు. నాకు ఇచ్చిన పని కూడా అలాంటిదే. గుమ్మం పక్కన కూర్చోవడం, వెళ్ళే పిల్లల్ని చూడటం. అంతే. చూడగా చూడగా ఒక్కటి మాత్రం తెలిసింది. అమ్మని చూసి పరిగెత్తే కాళ్ళు వేరు, నాన్నని చూసి నడిచే కాళ్ళు వేరు. బాబాయి వచ్చిన రోజు చెప్పులు వెతుక్కోవడానికి ఎక్కువసేపు పట్టే పిల్లాడొకడున్నాడు. ఆ సంగతి ఆపాకి చెప్పాను. "ఊఁ" అన్నారు. మరునాడు వాళ్ళమ్మని పిలిచి చాలాసేపు లోపల మాట్లాడారు. ఆ తర్వాత ఆ బాబాయి రాలేదు. ఏం జరిగిందో నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

పదో రోజు మా ఆయన నన్ను తీసుకెళ్ళడానికి వచ్చారు. శిరీషని కూడా తెచ్చారు.

దాన్ని చూడగానే నేను చేతులు చాపుకుని పరిగెత్తాను. "అమ్మా, బంగారూ" అంటూ మీద పడ్డాను. అది నన్ను ఒక్క క్షణం చూసింది. కెవ్వుమని వాళ్ళ నాన్న మెడలోకి మొహం దూర్చేసింది. మా ఆయన నవ్వుతూ, "అమ్మే, పో, అమ్మ దగ్గరికి పో" అని దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీస్తున్నారు. అది ఇంకా గట్టిగా పట్టుకుంటోంది. నేను అక్కడే నిలబడి ఏడ్చేశాను. నా భయం నిజమైంది. పిల్ల నన్ను మర్చిపోయింది, ఈ ముసలామె పది రోజుల వల్లే మర్చిపోయింది.

"ఆగు బాబూ," అన్నారు ఆపా. "ఎత్తి ఇవ్వొద్దు. కింద దించు."

"ఏడుస్తందండీ."

"ఏడవనీ. నువ్వా గోడ పక్కన కూర్చో. పిల్లకి కనపడుతూ ఉండు." తర్వాత నా వైపు తిరిగి, "మర్చిపోలేదే నిన్ను. మర్చిపోతే ఇంత ఏడుపెందుకు? మళ్ళీ పోతావని ఏడుస్తోంది. రా, ఇక్కడ కూర్చో. అటు తిరుగు" అన్నారు.

శిరీషకి వీపు పెట్టి కూర్చున్నాను. ఆపా డబ్బా, చింతపిక్కలు నా ముందు పెట్టారు. ఒకటి వేశాను. కళ్ళలో నీళ్ళకి డబ్బా సరిగ్గా కనపడక, అది పక్కన పడింది. ఇంకొకటి వేశాను. టక్.

ఎంతసేపు వేశానో తెలియదు. మా ఆయన, "రెండింటి బస్సు పోయిందండీ" అన్నారు మెల్లగా. "ఇంకో బస్సు లేదా?" అన్నారు ఆపా. ఏడుపు తగ్గింది. వెక్కిళ్ళు మిగిలాయి. తర్వాత అవీ లేవు. గచ్చు మీద చిన్న అడుగుల చప్పుడు. ఆగింది. ఒక్కసారి వెనక్కి తిరిగితే చాలు, కూతురు. తిరగకుండా ఉండటానికి నేను పడ్డ అవస్థ ఆపాకే తెలుసు. నా మోకాలి మీద ఆమె చెయ్యి వేసి నొక్కి పట్టుకున్నారు.

నా పక్కనుంచి చిన్న చెయ్యి వచ్చింది. ఒక పిక్క తీసి డబ్బాలో వేసింది. టక్. ఇంకొకటి వేసింది. నాలుగోదో ఐదోదో వేశాక, నా వీపు మీద దాని కడుపు వెచ్చగా ఆనింది. మెడ చుట్టూ చేతులు పడ్డాయి. భుజం మీద తల వాల్చబోయింది.

అంతలో దాని చెంపకీ నా భుజానికీ మధ్యలోకి ఆపా చెయ్యి వచ్చింది.

ఊరికి వెళ్తున్నానని, మా ఆయన వస్తున్నారని, ఆ రోజు నేను మంచి చీర కట్టుకుని పైటకి పిన్నీసు పెట్టుకున్నాను. నెలా పది రోజులు నేర్చుకున్నది ఒక్కపూట ముస్తాబు కోసం మర్చిపోయాను. ఆపా ఒంటిచేత్తో పిన్నీసు విప్పి గాజుకి తగిలించుకుని, అప్పుడు చెయ్యి తీశారు. శిరీష తల వాల్చింది.

ఆ తర్వాతే కళ్ళజోడు పెట్టుకుని, బీరువాలోంచి ఫారం తీసి, సంతకం పెట్టారు. పిన్నీసు చూశాక మళ్ళీ పది రోజులుండమంటారేమోనని నేను భయపడుతూనే ఉన్నాను. ఆమె నాతో మాట్లాడలేదు, శిరీషతో మాట్లాడారు. "మీ అమ్మ ఇంక చెప్పకుండా ఎక్కడికీ పోదు. పోతే నాకు చెప్పు, సరేనా?" అన్నారు. అది చాలా బుద్ధిగా తల ఊపింది.

శిరీష ఇప్పుడు విజయవాడలోనే హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. వెళ్ళేటప్పుడు నాలుగుసార్లు చెప్పి వెళ్తుంది. నేను పక్క వీధిలోకి వెళ్ళినా చెప్పే వెళ్తాను. మా సెంటర్లో నేర్చుకోవడానికి వచ్చిన అమ్మాయిల భుజాల మీదికి నా చెయ్యి దానంతటదే పోతుంది. వాళ్ళు కూడా ఆశీర్వాదం అనుకుని వంగుతారు.

ఆయమ్మ చెప్పిన ఆ గుప్పెడు పిన్నీసుల్లో నావి ఉండవు. ఆపా చేతికి ఏ పిన్నీసూ వారం నిలిచేది కాదు, గుండీ ఊడిన నిక్కరుకో, తెగిన గౌను పట్టీకో పోయేది. నావీ అలాగే పోయుంటాయి. అవి ఎవరివైనా, ఆ గాజులు తీసిన వేళ నేనక్కడ లేనే అన్న బాధ మాత్రం పోవడం లేదు.

కోపం కూడా పోవడం లేదు. చెప్పకుండా గడప దాటకూడదని అంత గట్టిగా నేర్పిన మనిషి, చివరికి అందరూ నిద్రపోతుంటే తాను జారుకున్నారు. నేను చేసిన పనే చేశారు. ఇంకో పది రోజులుండమని ఆమెకి చెప్పేవాళ్ళు లేకపోయారు. ఎదురుగా ఉంటే వీపు తిప్పకుండా, మొహంలోకి చూసే అడిగేదాన్ని. ఆపా, చెప్పి వెళ్ళారా?